ట్రాలీ చక్రాల బేరింగులకు ఏ గ్రీజు కొనాలి, ఎలా పెట్టాలి

విడిభాగాల దుకాణానికి వెళ్లి గ్రీజు కావాలని అడిగి చూడండి. "ఎర్రదా, నీలమా, నల్లదా? ఏది ఇమ్మంటారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. జాకెట్టు గుడ్డ కొన్నట్టు రంగు చెప్పి కిలో డబ్బా పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. రంగుకూ గ్రీజు గుణానికీ సంబంధం లేదు. అది తయారీదారు కలిపే అద్దకం మాత్రమే. ఒక కంపెనీ ఎరుపు వేసిన రకానికే ఇంకో కంపెనీ నీలం వేయవచ్చు. నలుపు ఒక్కదానికే చాలాసార్లు ఒక అర్థం ఉంటుంది, అది తరువాత చెబుతాను.

ఇక్కడ ప్రధానంగా ట్రాక్టరు ట్రాలీ గురించి రాస్తున్నాను. కొన్ని ఊళ్లలో దాన్నే ట్రక్కు అంటారు. ఇంటి ముందు జాకీ పెట్టి హబ్బు (బేరింగులు కూర్చునే చక్రం నడిమి భాగం) విప్పి స్వయంగా గ్రీజు పెట్టుకునే బండ్లలో మనకు బాగా మిగిలింది అదే. కారు, ఆటో, లారీ సంగతులు దారిలో వస్తాయి.

ముందు తేల్చుకోవలసింది: మీ బండికి అసలు గ్రీజు పెట్టే పని ఉందా?

ఇప్పటి చాలా కార్ల ముందు చక్రాల్లో బేరింగు ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి, రెండు వైపులా సీలు వేసి వస్తుంది. దానికి మనం చేయగలిగిందేమీ లేదు. మోత వస్తే మార్చడమే. మోటారు సైకిలు చక్రాల్లో ఎక్కువగా ఉండే బాల్ బేరింగుల మీద అంకెల పక్కన "2ఆర్ఎస్" అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నట్టు, "జడ్‌జడ్" అని ఉంటే రెండు పక్కలా రేకు మూత ఉన్నట్టు. వాటి మూత ఊడదీసి గ్రీజు కూరాలని చూస్తే మంచి బేరింగును చేతులారా పాడుచేసుకున్నవారవుతారు.

ట్రాలీలు, లారీలు, పాత జీపులు, చాలా ఆటోల్లో ఉండేది టేపర్ రోలర్ బేరింగు. ఏటవాలు రోలర్లతో ఉన్న కోను ఒకటి, హబ్బులో బిగిసి ఉన్న కప్పు ఒకటి, విడివిడిగా వస్తాయి. చక్రానికి లోపల పెద్దదొకటి, బయట చిన్నదొకటి. గ్రీజు పెట్టవలసింది వీటికే. అన్నట్టు, బేరింగు మార్చవలసి వస్తే పాతదాని మీది నంబరు రాసుకుని వెళ్లండి. 30208 అని ఉంటే చివరి రెండంకెలను 5తో హెచ్చవేయండి, 40 వస్తుంది. యాక్సిలు మందం 40 మిల్లీమీటర్లన్న మాట. దుకాణంలో పొరపాటున వేరేది చేతికిచ్చినా అక్కడే పట్టుకోవచ్చు.

గ్రీజులో ఏముంటుంది

ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసినవారికి ఇది కొత్త పాఠం కాదు. ఆముదం ఒక్కటే పోస్తే ఇరుసు నుంచి కారిపోతుంది. అందుకని గడ్డి కాల్చిన మసి అందులో కలిపేవారు. మసి ఆముదాన్ని పట్టి ఉంచేది. గ్రీజు కూడా అదే ఏర్పాటు. అందులో 70 నుంచి 90 శాతం దాకా నూనే. దాన్ని పట్టి ఉంచడానికి ఒక రకం సబ్బు. తుప్పు, అరుగుదల ఆపడానికి కొన్ని మందులు. బేరింగును కాపాడేది నూనె. సబ్బు దాన్ని తనలో నిలుపుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ సబ్బు కరిగిపోయినా, నీళ్లకు కొట్టుకుపోయినా నూనె నిలవదు.

గ్రీజు రకాల పేర్లు ఆ సబ్బును బట్టి వచ్చినవే: కాల్షియం, సోడియం, లిథియం. ఇందులో ఒక తమాషా ఉంది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే లిథియం గ్రీజులోని సబ్బుకు కావలసిన కొవ్వు ఆమ్లం సాధారణంగా ఆముదం నుంచే తీస్తారు. పాలమూరు, నల్గొండ చెలకల్లో ఆముదాలు పండించిన రైతుకు కందెన పోయిందన్న బెంగ అక్కరలేదు. అది వేషం మార్చుకుని డబ్బాలో తిరిగి వచ్చింది.

మూడు ప్రశ్నలు వేసుకోండి

మొదటిది నీళ్లు. మీ ట్రాలీ దమ్ము చేసిన పొలంలో దిగుతుందా? వాగులు దాటుతుందా? ఇసుక రేవులోకి వెళ్తుందా? చాలా ట్రాలీలకు వేడికన్నా నీళ్లే పెద్ద శత్రువు. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే బండికి, అందులోనూ బ్రేకులు లేని ట్రాలీకి, హబ్బు కాగిపోయే పరిస్థితి మామూలుగా రాదు. కానీ ఎండలో పది కిలోమీటర్లు నడిచి వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా కాలువ నీళ్లలో దిగిందనుకోండి. లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, అరిగిన సీలు సందులోంచి నీటిని లోపలికి లాగుతుంది. ఆ నీళ్లు బయటికి వచ్చే దారి ఉండదు.

రెండోది వేడి. బ్రేకు ఉన్న ప్రతి చక్రానికీ ఈ ప్రశ్న ఉంది. బరువుతో మారేడుమిల్లి ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో దిగే లారీకి బ్రేకు డ్రమ్ము వేడి నేరుగా హబ్బులోకి పాకుతుంది. డిస్కు బ్రేకుల బండ్లలో ఇంకా ఎక్కువ.

మూడోదాన్ని అందరూ మరిచిపోతారు: లోపల ఇప్పటికే ఏ గ్రీజు ఉంది? రెండు రకాల సబ్బులు కలిస్తే ఒకదాన్నొకటి విరిచేయవచ్చు. పాలలో నిమ్మరసం పిండినట్టే. ఒకసారి నేనూ ఈ తప్పు చేశాను. హబ్బు విప్పి కడిగే ఓపిక లేక, పాత గ్రీజు మీదనే "వేడికి ఆగుతుంది" అన్న కొత్త గ్రీజు దట్టించాను. ధాన్యం బస్తాలు వేసుకుని నాలుగు తిరుగుళ్లు తిరిగేసరికి అది మజ్జిగలా పలచబడి సీలు సందులోంచి టైరు మీదికి కారింది. విప్పి చూస్తే రోలర్లు నీలం తిరిగి ఉన్నాయి. గ్రీజు రెండూ మంచివే, కలపడమే తప్పు. లిథియం, లిథియం కాంప్లెక్సు రకాలు సాధారణంగా కలుస్తాయి. లిథియంతో బంకమన్ను రకం బెంటోన్ గ్రీజు గానీ, సోడియం గ్రీజు గానీ కలపకండి. పాలీయూరియా రకాలదీ నమ్మకం లేదు. పాతది ఏదో తెలియకపోతే పూర్తిగా కడిగేయడం ఒక్కటే దారి.

ఏ రకం ఎందుకు పనికొస్తుంది

కాల్షియం గ్రీజు చవక. నీళ్లలో కరగదు. వెన్నలా నున్నగా ఉంటుంది. చాసిస్ గ్రీజు పేరుతో విడిగా తూచి ఇచ్చేది చాలాచోట్ల ఇదే. కానీ పాత రకం కాల్షియం గ్రీజు సుమారు 100 డిగ్రీల దగ్గరే కరిగి కారుతుంది. 60 డిగ్రీలు దాటే చోట దాన్ని నమ్మలేం. ట్రాలీ కొక్కెం, పిన్నులు, బుష్షులు, స్ప్రింగు పట్టీలు, వీటికి వాడుకోండి. చక్రాల బేరింగుకు వద్దు.

సోడియం గ్రీజు నారలు నారలుగా సాగుతుంది. పాతరోజుల్లో చక్రాల బేరింగులకు వాడేవారు. నీళ్లు తగిలితే కరిగిపోతుంది కాబట్టి పొలంలో దిగే బండికి పనికిరాదు.

లిథియం గ్రీజు ఈ రెండింటి మధ్య కుదిరిన మంచి బేరం. కరిగి బొట్టు కారే వేడి 180 డిగ్రీల పైన ఉంటుంది. 120 డిగ్రీల దాకా నిశ్చింతగా పనిచేస్తుంది. నీళ్లకు బాగానే ఆగుతుంది. మన దుకాణాల్లో "ఏపీ3" పేరుతో దొరికేది ఈ జాతిదే. బ్రేకు లేని, లేదా తక్కువ బ్రేకు పనున్న ట్రాలీకి ఇది చాలు. ఇంతకన్నా ఖరీదైనది కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఎందుకో అడగండి.

లిథియం కాంప్లెక్సు 250 డిగ్రీలు దాటినా కరగదు. 150 దాకా పనిలో నిలుస్తుంది. డిస్కు బ్రేకులు ఉన్న బండికీ, ఘాట్ రోడ్ల లారీకీ ఇది సరైనది. ధర ఎక్కువే. అయినా లారీ హబ్బు దారిలో పట్టేస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

కాల్షియం సల్ఫోనేట్ రకం ఇంకా ఖరీదు. ఉప్పునీటికి, తుప్పుకు దీనంత బాగా తట్టుకునేవి తక్కువ. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే ట్రాలీ, నౌపాడ ఉప్పు మడుల్లో తిరిగే ట్రాలీ మీదైతే ఆ ఖర్చు పెట్టండి. మెట్ట పొలాల్లో పత్తి మోసే ట్రాలీకి అది దండగ.

ఇక నలుపు. అందులో సాధారణంగా మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి గానీ గ్రాఫైటు గానీ కలిసి ఉంటుంది. ఒకదాని మీద ఒకటి మెల్లగా జారే పెద్ద బరువులకు, అంటే పిన్నులకూ కొక్కేలకూ, అది మంచిది. రోలర్లు దొర్లే బేరింగుకు దాని అవసరం అంతగా లేదు. నలుపు అనగానే గట్టిదని అనుకోనక్కరలేదు. వాడేసిన గ్రీజు కూడా నల్లగానే ఉంటుంది.

డబ్బా మీద ఏం చదవాలి

కళ్లజోడు పెట్టుకుని డబ్బా తిప్పి వెనక వైపు చూడండి. మొదట వెతకవలసింది "ఎన్ఎల్‌జీఐ" పక్కనున్న అంకె. అది గట్టిదనం చెబుతుంది, నాణ్యత కాదు. ఒక లోహపు శంకువును (బేరింగు కోను కాదు) 25 డిగ్రీల దగ్గర ఉంచిన గ్రీజు మీద 5 సెకన్లు వదిలి, ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన కొలుస్తారు. 265 నుంచి 295 దాకా దిగితే 2వ నంబరు. 220 నుంచి 250 అయితే 3వ నంబరు. అంకె పెరిగే కొద్దీ గట్టి. చక్రాల బేరింగుకు ఈ రెండే. చేత్తో దట్టించే ట్రాలీ హబ్బుకు మన ఎండల్లో 3 బాగా నిలుస్తుంది, జారి కిందికి పేరుకోదు. గ్రీజు గన్నుతో ఎక్కించేటప్పుడు 2 సులువు. బండి పుస్తకంలో ఏదైనా స్పష్టంగా రాసి ఉంటే అదే ఖాయం, నా మాట కాదు.

తరువాత సబ్బు పేరు: లిథియమా, కాంప్లెక్సా, కాల్షియమా అని. ఆ పైన "ఈపీ" అన్న అక్షరాలు. బరువు పడినప్పుడు లోహం లోహానికి తగలకుండా కాపాడే మందు కలిసిందని వాటి అర్థం. గతుకుల బాటలో ఐదారు టన్నులు మోసే ట్రాలీకి ఇది ఉండాలి.

నూనె చిక్కదనం డబ్బా మీద తక్కువగా వేస్తారు. కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర 150 నుంచి 220 సెంటీస్టోకులు చక్రాల బేరింగులకు మామూలు లెక్క. మెల్లగా నడిచి బరువు మోసే ట్రాలీకి 220 వైపే మొగ్గండి.

అమెరికాలో ఉండి పడవ ట్రెయిలరుకు గ్రీజు కొనే మనవాళ్లకు ఒక సులువుంది. అక్కడ డబ్బాల మీద "జీసీ-ఎల్‌బీ" అన్న గుర్తు ఉంటుంది. "జీ" చక్రాల బేరింగులకు, "ఎల్" చాసిస్‌కు. "సీ", "బీ" ఆయా వరుసల్లో పై స్థాయిలు. ఆ గుర్తు ఉంటే చక్రాలకు నిస్సందేహంగా పెట్టుకోవచ్చు.

విడిగా ప్లాస్టిక్ సంచిలో తూచి ఇచ్చే గ్రీజు కొనకండి. ఏ సబ్బో, ఏ నూనో చెప్పేవారుండరు. ఇంట్లో ఇప్పటికే అలాంటిది ఉంటే ఒక పరీక్ష చేయవచ్చు. ఆరుబయట పాత గిన్నెలో నీళ్లు మరగబెట్టి, చిన్న రేకు డబ్బాలో చెంచాడు గ్రీజు వేసి ఆ నీళ్లలో పది నిమిషాలు తేల్చండి. బాగా మెత్తబడి జారితే చక్రాలకు పనికిరాదు. ఆకారం పెద్దగా మారకపోతే ఫర్వాలేదన్న ఆశ పెట్టుకోవచ్చు, అంతవరకే. ఇంకొంచెం వేళ్ల మధ్య నలిపి చూడండి. ఇసుక తగిలినట్టుంటే పారేయండి.

రెండు చక్రాల చిన్న ట్రాలీకి కిలో డబ్బా సాధారణంగా చాలుతుంది. దాంతోపాటు రెండు కొత్త ఆయిల్ సీళ్లు, నట్టు ఊడకుండా ఆపే రెండు స్ప్లిట్ పిన్నులు కొనండి. వీటి దగ్గర పొదుపు చేస్తే పెట్టిన గ్రీజంతా వృథా.

ఇక పని

ట్రాలీ ఖాళీగా ఉండాలి, నేల చదునుగా ఉండాలి. రెండో చక్రానికి ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. యాక్సిలు కింద జాకీ ఎత్తాక గట్టి చెక్క దుంగలు పేర్చి బరువు వాటి మీదికి దించండి. ఇటుకల మీద ఎప్పుడూ నిలపకండి, అవి చెప్పకుండా పగులుతాయి.

చక్రం విప్పకముందే చేత్తో తిప్పి వినండి. గరగర వస్తే బేరింగు పోయినట్టే. పైనా కిందా పట్టుకుని ఊపండి, ఎంత ఆడుతోందో గుర్తుపెట్టుకోండి.

డస్టు క్యాపు, స్ప్లిట్ పిన్ను, నట్టు, వాషరు వరుసగా తీసి అదే వరుసలో ఒక గుడ్డ మీద పెట్టండి. బయటి బేరింగు చేతిలోకి వస్తుంది. హబ్బు లాగాక వెనక సీలు ఊడదీసి లోపలి బేరింగు తీయండి. కుడి చక్రానివీ ఎడమ చక్రానివీ కలపవద్దు. అవి ఒకదానికొకటి అలవాటు పడి అరిగినవి.

పాత గ్రీజును పారేయడానికి తొందరపడకండి, అది మాట్లాడుతుంది. పాలలా తెల్లబారి ఉంటే నీళ్లు చేరాయి, సీలు పోయింది. నల్లగా గట్టిపడి పెళుసుగా ఉంటే అతి వేడి తిన్నది. మెరిసే పొడి కనిపిస్తే లోహం అరుగుతోంది. కొత్త గ్రీజు ఏది కొనాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. కాబట్టి వీలైతే ముందు విప్పి చూసి తరువాతే దుకాణానికి వెళ్లండి.

బేరింగులను కిరోసిన్‌తో, అది దొరక్కపోతే డీజిల్‌తో బ్రష్షు పెట్టి కడగండి. పెట్రోలు వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. హబ్బు లోపల ఉన్న పాత గ్రీజు కూడా పూర్తిగా తీసేయండి. కడిగాక శుభ్రమైన, నూలు రాలని గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. డీజిల్ తడి మిగిలితే కొత్త గ్రీజు పలచబడుతుంది. టైర్ల దుకాణంలో గాలి పైపు పెట్టి బేరింగును గిర్రున తిప్పుతూ ఆరబెట్టే కుర్రవాళ్లను చూసే ఉంటారు. ఆ వేగానికి రోలర్లను పట్టి ఉంచే చట్రం (కేజ్) విరిగి రోలరు తూటాలా ఎగిరిపోగలదు. గాలి కొట్టవలసి వస్తే రోలర్లు కదలకుండా పట్టుకోండి.

ఆరాక వెలుతురులో ప్రతి రోలరూ, కప్పు లోపలి గోడా చూడండి. గుంటలు, పొరలు లేచిన చోట్లు, నీలం మచ్చలు ఉంటే ఆ బేరింగుకు ఎంత మంచి గ్రీజు పెట్టినా నిలవదు. మార్చేటప్పుడు కోనూ కప్పూ రెండూ మార్చాలి. కొత్త కోనుకు పాత కప్పు కుదరదు.

ఇప్పుడు దట్టించడం. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు వేసుకోండి. బేరింగును కుడిచేత్తో పట్టుకుని దాని వెడల్పు వైపు అంచును అరచేతికి ఒత్తుతూ లాగండి, రొట్టెను పప్పులో ముంచి లాగినట్టు. రోలర్ల మధ్య నుంచి అవతలి అంచున గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా అదే చోట ఒత్తాలి. అప్పుడు కొంచెం తిప్పి పక్క భాగం. చుట్టూ పూర్తయ్యాక రోలర్ల పైన పలచగా పూత పూయండి. పైపైన గ్రీజు రాసి లోపల ఖాళీగా వదిలేయడమే చాలామంది చేసే పొరపాటు. చూడడానికి నిండుగా ఉంటుంది, లోపల రోలరు పొడిగా తిరుగుతుంది.

బేరింగు నిండా గ్రీజు ఉండాలి. హబ్బులో రెండు బేరింగుల మధ్య ఖాళీలో మాత్రం మూడో వంతు, మహా అయితే సగం. పూర్తిగా కూరితే గ్రీజు తనలో తాను చిలకబడి వేడెక్కుతుంది, వేడికి వ్యాకోచించి సీలును తోసుకుని బ్రేకు లైనింగు మీద పడుతుంది. హబ్బుకు గ్రీజు నిపుల్స్, అంటే గన్ను తగిలించే చిన్న మొనలు, ఉన్న ట్రాలీల్లో ఈ ప్రమాదం ఎక్కువ. గన్ను తగిలించి చేతులు నొప్పి పుట్టేదాకా పంపు కొట్టకండి. చక్రం తిప్పుతూ కొద్దికొద్దిగా ఎక్కించండి.

లోపలి బేరింగు పెట్టి కొత్త సీలును చెక్కముక్క ఆధారంతో సమంగా దించండి. సీలు పెదవికి కొంచెం గ్రీజు రాయండి, లేకపోతే మొదటి కిలోమీటరులోనే కాలుతుంది. హబ్బు ఎక్కించి, బయటి బేరింగు, వాషరు, నట్టు వేయండి.

నట్టు బిగింపులో ఓపిక కావాలి. చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ, తిరగడం కొంచెం బరువెక్కే దాకా బిగించండి. రోలర్లు తమ చోట కూర్చుంటాయి. తరువాత నట్టును ఆరో వంతు నుంచి పావు చుట్టు వదులు చేసి, పిన్ను రంధ్రం కుదిరే చోట ఆపండి. చక్రం తేలిగ్గా తిరగాలి, ఊపితే చేతికి తెలిసీ తెలియనంత కదలిక ఉండాలి. బండి పుస్తకంలో బిగింపు లెక్క ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. కొత్త స్ప్లిట్ పిన్ను పెట్టి కాళ్లు మడవండి. పాతదాన్ని సరిచేసి మళ్లీ వాడకండి.

మళ్లీ ఎప్పుడు

పని అయిన రోజునే పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి, చేతి వెనక భాగంతో హబ్బును తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒక చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతూ రెండోది చల్లగా ఉంటే, బ్రేకు పట్టడమో నట్టు ఎక్కువ బిగియడమో జరిగింది. వెంటనే విప్పి చూడండి.

సీజన్‌కు ముందు ఏడాదికోసారి విప్పి కడిగి పెట్టడం మంచి అలవాటు. హబ్బు నీళ్లలో మునిగితే మాత్రం ఏడాది లెక్క చెల్లదు, ఆ వారంలోనే విప్పండి. వరదల్లో రోజంతా నిలిచిన బండి చూడడానికి ఎంత బాగున్నా ఇదే వర్తిస్తుంది.

మిగిలిన గ్రీజు డబ్బా మూత గట్టిగా పెట్టి నీడలో ఉంచండి. పైన కొద్దిగా నూనె తేలితే కంగారు పడనక్కరలేదు, శుభ్రమైన పుల్లతో కలిపేయండి. దుమ్ము పడిన డబ్బాలో మాత్రం పైపొర తీసి పారేసి కింద ఉన్నదే వాడండి. చివరగా ఒక చిన్న పని. ట్రాలీ చాసిస్ లోపలి వైపు పెయింటుతో తేదీ, గ్రీజు పేరు, నంబరు రాయండి: "లిథియం, ఈపీ, 3". వచ్చే ఏడు మీరు ఇంట్లో లేని రోజున మీ అబ్బాయో మెకానిక్కో హబ్బు విప్పితే, ఏది కలపవచ్చో మీకు ఫోను చేసి అడగవలసిన పని ఉండదు.